అద్దపు పళ్లెం

వీపు ఆనించి కూర్చో రామలింగం, పదింటికల్లా వదిలేస్తాను, అన్నాడు సెట్ల పని చూసే చలపతిరావు. పదిన్నర అయింది. వీపు ఆనించే ఉంది. వీపుకు అవతల తలుపు, తలుపుకు అవతల గది, గదిలో ఒక కొత్త అమ్మాయి, ఆమె మీద పది లైట్లు, ఒక కెమెరా. ఇవతల రెండున్నర అడుగుల సందులో నేను. మోకాళ్లు ముడిస్తే మడమలు స్టూడియో ఫ్లోరు ఇటుక గోడకు తగులుతాయి, వీపు తలుపుకు తగులుతుంది, కొలత తీసి నన్ను ఈ సందులో బిగించినట్టు సరిపోయాను. ఒళ్లో రూటర్ మెషీన్ తలకిందులుగా పడుకుని ఉంది. దాని పక్కన నాలుగు రోజులుగా నేను తయారుచేస్తున్న అద్దపు పళ్లెం. అద్దం కాదు, అక్రిలిక్ ముక్క. కింద ఉన్నది పైకి కనిపిస్తుంది కాబట్టి నేను అద్దం అంటున్నాను. దానికి మూడు చిల్లులు వేసి మెషీన్ అడుగున బిగిస్తే పని అయిపోతుంది. అయిపోతే సైకిలెక్కి పావుగంటలో రాజ్యలక్ష్మి గారి ఇంట్లో ఉంటాను. పన్నెండు లోపు ఉండాలి. పన్నెండు దాటితే ఆ ఇంటి తలుపులు నావి కావు.

బెల్లు మోగింది. మడమలు ఇటుకకు తన్నిపెట్టి వీపు బిగించాను. అవతల ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో తలుపు బాదింది, తలుపు తియ్యి బాబాయ్, నన్ను పోనియ్యి బాబాయ్, అని. ఒక్కో దెబ్బ నా వెన్నులో దిగుతోంది. కథలో ఆమెను బాబాయి గదిలో పెట్టి తాళం వేశాడట. తాళం లేదు, గొళ్లెం లేదు, బాబాయి మేకప్ రూములో ఇడ్లీ తింటున్నాడు, ఆ అమ్మాయిని ఆపుతున్నది నా వీపు. పావంగుళం ప్లైవుడ్ తలుపు అది. టేకు రంగూ టేకు చారలూ పెయింటర్ వెంకటనర్సయ్య బ్రష్షుతో దింపాడు, ముక్కు ఆనించి చూసినా టేకే అనిపిస్తుంది, కొడితే మాత్రం తలుపుతో పాటు గోడంతా ఊగుతుంది. తెర మీద గోడ ఊగితే ఏడవాల్సిన చోట జనం నవ్వుతారు. అందుకే బాదే సీను ఉందంటే వెనక ఒక కార్పెంటర్ కూర్చోవాల్సిందే. కర్ర పోటు పెట్టొచ్చు, ఇసుక బస్తాలు పెట్టొచ్చు, కానీ అవి ఒకచోట ఆపితే గోడ ఇంకోచోట ఊగుతుంది. మనిషి వీపైతే దెబ్బ ఎటు పడితే అటు జరుగుతుంది, దెబ్బను తాగేస్తుంది. ఇది ఎవరు కనిపెట్టారో గాని సినిమాలు మద్రాసులో ఉన్నప్పటి నుంచీ ఉంది. కట్, అన్నారు. ఏడుపు రాలేదట. ఇది ఆరో టేకు, ఒకే షాటు ఆరోసారి.

ఇలా ఎన్ని మోశానో. నేను మోసిన కోటలకు లెక్క లేదు. పాటలో ఫ్యాను గాలికి ఊగిపోయే రాజమహల్ స్తంభాన్ని రెండు చేతులా కావలించుకుని మూడు రోజులు నిలబడ్డాను. ఫైటులో మనుషులు వచ్చి పడే గోడను భుజంతో ఆపి భుజం వాచిపోతే ఇంట్లో కౌసల్య ఉప్పు కాపడం పెట్టింది. యూసుఫ్‌గూడ హాల్లో ఆ సినిమా చూపిస్తూ, అగో, ఆ గోడెనక నేనే, అన్నాను ఒకసారి ఆమెతో. నా పెళ్లాం పళ్ల మధ్య పాప్‌కార్న్ పెట్టుకుని నా వైపు తిరిగి, "గోడెనక ఉంటే ఏందయ్యా, నువ్వు చేసిన తలుపు ఒక్కటన్న సలికాలం జూసిందా?" అంది. వేళాకోళానికే అంది, ముందు సీట్లో వాళ్లు కూడా నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం ఇంటికొచ్చింది, మంచం మీద నా పక్కనే పడుకుంది. నిజమే కదా. ఇరవై నాలుగేళ్లు, ఎన్ని వందల తలుపులు, పదిహేను రోజులకు మించి ఒక్కటీ నిలబడలేదు. షూటింగ్ అయిపోతుంది, సుత్తి పట్టుకుని నేనే వచ్చి విప్పుతాను. మేకులు ఒక డబ్బాలోకి, ప్లైవుడ్ ఇంకో సెట్టుకు. నిన్న కోర్టు గది అయిన పలక ఇవాళ పడకగది అవుతుంది. యాభై రెండేళ్లు వచ్చాయి నాకు. నేను చేసిన తలుపు తీసి ఒక్కళ్లయినా ఇంట్లోకి పోయారా, వేసుకుని ఒక్కళ్లయినా నిద్రపోయారా.

రాజ్యలక్ష్మి గారు వచ్చింది షూటింగ్ చూడ్డానికి. భీమవరం మనుషులు, వాళ్లాయనకు ఏదో వ్యాపారం, చెక్‌పోస్టు దాటాక గుట్ట మీద బండలు పగలగొట్టించి ఇల్లు కడుతున్నారు. చుట్టాలందరూ హీరో వెంట పడితే ఆమె ఒక్కతే నేను కట్టిన పూజగది సెట్టు ముందు నిలబడిపోయింది. తలుపు మీద లత డిజైను, నాలుగు అంచుల వెంటా పాకే తీగ, మూలల్లో మొగ్గలు. అది థర్మకోల్‌తో కోసి అంటించింది. ఆమె వేలి కణుపుతో తలుపు మీద కొట్టింది. డొల్ల చప్పుడొచ్చింది. ఆ చప్పుడుకు నేను సిగ్గుపడ్డాను, ఎందుకు సిగ్గుపడాలో తెలియకుండానే. ఆమె నా వైపు తిరిగి, "డిజైను మీదేనా అండీ? మంచి టేకిస్తే ఇలాగే చేయగలరా?" అంది. చేస్తనమ్మా, అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఇంటికి పద్నాలుగు తలుపులు, అన్నిటికీ అదే తీగ, ఏడాది పని. చెక్క చూపించింది. నిజాంబాదు వైపు టేకు, కోసి ఆరబెట్టింది, చెయ్యి వేస్తే చల్లగా నూనె తగిలినట్టుంది, వాసన చూస్తే మా నాయన చొక్కా గుర్తొచ్చింది. బుధవారం పన్నెండుకు రాహుకాలం పెడుతుందట, దానికి ముందే పూజగది తలుపు మీద మొదటి గీత పడాలట, ముహూర్తం పెట్టిన వాళ్ల అయ్యగారు చెప్పారట. మళ్లీ మంచిరోజు మూఢం పోయాక గాని లేదు, అంతవరకూ ఇల్లు ఆగదు. "మీరు ఎలాగైనా రండి. రాకపోతే మోతీనగర్ మేస్త్రీ గారిని కూడా రమ్మన్నాం, మొదటి గీత ఎవరు వేస్తే వాళ్లే అన్నీ చేయాలి, ఏమీ అనుకోకండి," అంది. ఏమనుకుంటాను. మోతీనగర్ మేస్త్రీకి సొంత దుకాణం ఉంది, ఆయన చేసిన తలుపులు ఆ చుట్టుపక్కల ఎన్నో చలికాలాలు చూసి ఉంటాయి.

మా నాయన అయితే ఉలితో చెక్కేవాడు. నాకూ వచ్చేది. ఇప్పుడు రాదు, ఈ మాట ఎవరికీ చెప్పలేదు. థర్మకోల్ కోసీ కోసీ చేతికి మెత్తదనం అలవాటైపోయింది, గట్టి చెక్క మీద ఉలి పెడితే చెయ్యి ముందే భయపడుతుంది. రెండేళ్ల కింద దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర ఈ రూటర్ తీసుకున్నాను. మధ్యలో కత్తి గిర్రున తిరుగుతుంది, రెండు పిడులు పట్టుకుని చెక్క మీద నడిపించుకుంటూ పోతే గాడి పడుతుంది. సెట్లలో దానితో ఎన్నో గాళ్లు తీశాను, వంకర పోతే లప్పం పెట్టి రంగేస్తాం. టేకుకు లప్పం పెట్టలేం. పెట్టినా రాజ్యలక్ష్మి గారి వేలు పట్టేస్తుంది. ఈ మెషీన్‌కు అడుగున నల్లటి ప్లాస్టిక్ పళ్లెం వస్తుంది, కత్తి దూరేంత చిల్లు మాత్రం నడుమ ఉంటుంది. పెన్సిల్ గీత దాని కింద మాయమైపోతుంది. తిన్నని గీతైతే పక్కన బద్ద పెట్టుకుని నడపొచ్చు, తీగకు బద్ద ఎక్కడ పెడతాం. కళ్లు మూసుకుని సైకిలు తొక్కినట్టే. పోయిన శుక్రవారం ఒక టేకు తుండు మీద తీగ గీసుకుని ప్రయత్నం చేశాను, మొదటి మలుపులోనే కత్తి గీత దాటి అర్ధాంగుళం లోపలికి పోయింది. నాకు తెలియనే లేదు, పొట్టు ఊది చూస్తే తెలిసింది. ఆ తుండును కౌసల్యకు కనబడకుండా పొయ్యి వెనక పెట్టాను. ఆ సాయంత్రమే బుద్ధి పుట్టింది, పళ్లెంలోంచి గీత కనిపించేదైతే పోలా.

మళ్లీ బెల్లు. మడమలు, వీపు, ఊపిరి. బాబాయ్, బాబాయ్. ఈసారి దెబ్బలు మెత్తగా ఉన్నాయి, చేతులు నొప్పి పుట్టినట్టున్నాయి ఆ పిల్లకు. కట్. మైకులో దర్శకుడు, మంజులతా, నీకు లోపలికి రావాలని ఉందా, బయటికి పోవాలని ఉందా, అని అడుగుతున్నాడు. ఎవరో నవ్వారు. అక్రిలిక్ ముక్క ఎక్కడిదంటే మొన్న మొన్నటి పాట సెట్టుది. గాజు నేల కావాలన్నారు, కింద రంగు లైట్లు పెట్టి పైన ముప్పైమంది డ్యాన్సు. పాట అయిపోయాక విప్పుతుంటే ఒక మూల పగిలింది, ఆ ముక్క నేను దాచుకున్నాను. ఒక వైపు హైహీల్స్ గీతలు, ఇంకో వైపు నీళ్లలా ఉంది. నల్ల పళ్లేన్ని విప్పి దాని మీద పెట్టి సూదితో గీత గీసుకున్నాను, రెండంగుళాలు ఎక్కువే వదిలాను, పళ్లెం పెద్దదైతే తలుపు అంచు మీద మెషీన్ ఒరగదు. ఆక్సాబ్లేడుతో కోశాను. తొందరపడితే కరిగి బ్లేడుకు అతుక్కుంటుంది, గట్టిగా నొక్కితే పటుక్కుమంటుంది, ప్లాస్టిక్‌కు ఇంత రోషం ఉంటుందని నాకు తెలియదు. ఆకురాయితో అంచు గుండ్రం చేశాను, గాజుపేపరుతో రుద్దాను, నడుమ పెద్ద చిల్లు చిన్న రంపంతో తీశాను. ఇంట్లో కౌసల్య దాన్ని ఎత్తి కంటికి పెట్టుకుని పళ్లెంలోంచి నన్ను చూసి, "మంచిగనే కనబడుతున్నవ్," అంది. బుధవారం వేసుకోమని పెళ్లిళ్ల చొక్కా తీసి ఇస్త్రీ చేసి పెట్టింది. ఆ చొక్కా ఇప్పుడు నా ఒంటి మీదే ఉంది, వీపు భాగం ప్లైవుడ్ మీద రాసుకుపోతోంది.

లైట్లు సర్దుతున్నారు. రెండు చిల్లులు ముందే అయ్యాయి, ఆ రెండు నిమిషాల్లో మూడోది వేశాను. చేతి బరమా, నోటి నీళ్లు రెండు చుక్కలు వేసి మెల్లగా తిప్పాలి. షాటు జరిగేటప్పుడు తిప్పలేను, మాటలు తర్వాత డబ్బింగులో చెబుతారు కాబట్టి మామూలుగా చప్పుడు పట్టింపు ఉండదు గాని ఈ దర్శకుడు ఏడుపు సీనుకు చీమ చిటుక్కుమన్నా ఒప్పుకోడు. పోనీ ఆమె బాదేటప్పుడు ఆ చప్పుడులో కలిపి తిప్పుదామంటే దెబ్బకు బరమా ఎగురుతుంది. టేకుకూ టేకుకూ మధ్య దొరికినంతే. చిల్లు నోరు విప్పార్చి స్క్రూ తల లోపల కూర్చునేలా గుంట తీశాను. మూడు స్క్రూలూ నున్నగా కూర్చున్నాయి. ఎంత సంతోషమేసిందంటే అవతల ఎవరికి వినిపించినా సరే అనుకుని ఈల వేయబోయాను. పదకొండు దాటి రెండు నిమిషాలు. అప్పుడే తలుపు మీద వేళ్లతో తట్టిన చప్పుడైంది, బాదడం కాదు, తట్టడం.

"ఎవరైనా ఉన్నారా అండీ అక్కడ?" అని ఆ అమ్మాయి గొంతు, గుసగుసగా.

"నేనమ్మా, కార్పెంటర్‌ని."

"నేను కొడితే మీకు తగులుతోందా?"

"తగుల్తది. తగలాల్నే కద. మీరు కొట్టున్రి."

తలుపుకు అటు ఆమె వీపు ఆనించినట్టుంది, పలక నా వైపు కాస్త వంగింది. పాపం అనిపించింది. నాకు ఉన్నంత భయమూ ఆమెకు ఉంది అనిపించింది. నా పని నేను చూసుకోవాలి కదా. మెషీన్ అడుగున పళ్లెం పెట్టి స్క్రూలు బిగించాను, మూడూ పట్టాయి. బొటనవేలితో ఒకసారి పళ్లెం మీద రాశాను, ఎంత నున్నగా ఉందో చూద్దామని. వేలికి మూడు తలలు తగిలాయి. బియ్యపు గింజలో సగమంత ఎత్తున మూడు చోట్ల స్క్రూ తలలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమయ్యాక అర్థం కాకపోతే బాగుండేదనిపించింది. గుంటలు అటు వైపు తీశాను. మెషీన్ వైపు. పైనుంచి చూస్తే కనబడే వైపు.

ఎవరూ చెప్పలేదు నాకు అటు తీయమని. ఇరవై నాలుగేళ్లుగా నా చెయ్యికి తెలిసింది అదొక్కటే, కనబడే వైపు మంచిగుండాలి. కెమెరా ఎటుంటే అటు నున్నగా, అటు మేకు తలలు లోపలికి, అటు లప్పం, అటు రంగు. వెనక మేకు మొనలు పొడుచుకొచ్చినా, పేడు లేచినా, సున్నం మరకలున్నా, వెనక ఎవడు చూస్తాడు రామలింగం, అంటాడు చలపతిరావు. నున్నటి మొహం పైకి పెట్టుకున్నాను, గీతలున్న మొహం కిందికి పెట్టుకున్నాను, నున్నటి మొహం మీదే స్క్రూ తలలు దాచాను. ఈ పళ్లెంలో చెక్క మీద నడిచేది అడుగు వైపు. ఎవరికీ కనబడని వైపే తప్పు లేకుండా ఉండాలి. ఒక్క స్క్రూ తల పొడుచుకొచ్చినా టేకు మీద గోరుతో గీకినట్టు గీత పడుతుంది, మెషీన్ ఒక కాలు పొట్టైన కుర్చీలా ఊగుతుంది. మోతీనగర్ మేస్త్రీ ఈ తప్పు చచ్చినా చేయడు. రోజూ తలుపులు చేసేవాడికి ఈ తప్పు తోచనే తోచదు. నాలాంటివాడే చేస్తాడు. నా మీద నాకు వచ్చిన కోపానికి ఆ పళ్లేన్ని ఇటుక గోడకేసి కొట్టేవాణ్ణి, కానీ బెల్లు మోగింది.

బాబాయ్. తలుపు తియ్యి బాబాయ్. దెబ్బల మధ్యలో లెక్క వేస్తున్నాను. అడుగు వైపు నుంచి మళ్లీ గుంట తీస్తే పావంగుళం పలకలో రెండు గుంటలు కలిసి చిల్లు పెద్దదైపోయి స్క్రూ తల దూరి కింద పడుతుంది. తిరగేసి బిగిద్దామంటే మెషీన్‌కున్న మూడు చిల్లులూ మూడు వేరు వేరు దూరాల్లో ఉన్నాయి, తిరగేస్తే కలవవు. పళ్లేన్ని రెండు వేళ్లంత పక్కకు తిప్పి కొత్తగా మూడు చిల్లులు వేయాలి, గుంటలు అడుగు వైపు తీయాలి. అరగంట. టేకుల మధ్య అరగంట ఎక్కణ్ణుంచి వస్తుంది. కట్. ఎనిమిదో టేకు కూడా పోయింది, నేను మనసులో ఆ దర్శకుడికి దండం పెట్టాను, ఆమెకు ఏడుపు రానందుకు సంతోషించాను. ఎంత నీచంగా ఆలోచించానో అప్పుడే తెలిసింది. అయినా బరమా తీసుకున్నాను.

ఒక టేకు మధ్యలో ఒక చిల్లు. ఇంకో టేకు మధ్యలో ఇంకో చిల్లు. చెమట కారి పళ్లెం మీద పడుతోంది, తుడుస్తున్నాను. సందులో గాలి ఆడదు, అటు వైపు లైట్ల వేడి ప్లైవుడ్‌లోంచి కూడా వస్తుంది, వీపు కాలుతోంది, మడమల కింద ఇటుక పొడి రాలుతోంది. వెంకటనర్సయ్యను పిలిచి కూర్చోబెడదామా అనుకున్నాను. పిలిచాను కూడా ఇందాక, నాలుగో టేకుకు, ఒంటేలుకు పోవాలని. వాడు కూర్చున్నాడు. వాడి వీపుకు బ్రష్షు పట్టడం తెలుసు గాని గోడ పట్టడం తెలియదు, దెబ్బ తగిలినప్పుడు ముందుకు వంగాడు, గోడ వాన గాలికి కొట్టుకునే రేకులా ఊగింది. టేకు పోయింది. దర్శకుడు గోడను ఏమీ అనలేదు, ఆ అమ్మాయినే అన్నాడు, గోడ నటించినంత కూడా నువ్వు నటించట్లేదమ్మా అని. నేను అప్పుడే తిరిగొస్తున్నాను, విన్నాను. ఆమె తల వంచుకుని నిలబడి ఉంది. నీలం లంగా ఓణీ, చేతి వేళ్ల కణుపులు ఎర్రగా కమిలి ఉన్నాయి. నన్ను ఆమె చూడలేదు.

పదకొండూ ముప్పై ఆరుకు మూడో చిల్లు పూర్తయింది. గుంటలు అడుగు వైపే. ఈసారి బొటనవేలితో పది సార్లు రాసి చూశాను, ఏమీ తగల్లేదు. పాత చిల్లులు మూడూ పక్కనే ఉన్నాయి, ఉంటే ఉండనీ. మెషీన్‌కు బిగించి, కింద నా జేబులోని పాత కాల్‌షీటు కాగితం పెట్టి, పళ్లెంలోంచి చూశాను. ప్రతి అక్షరం కనబడుతోంది. కత్తి మొన ఎక్కడుందో, దాని ముందు ఏముందో, వెనక ఏముందో, అన్నీ. రెండేళ్లుగా ఈ మెషీన్‌ను నడుపుతున్నాను గాని అది ఎక్కడికి పోతోందో ఇవాళే చూశాను. తీగ మొదటి మలుపు నా కళ్ల ముందు తిరిగింది, టేకులో సన్నటి గాడి, గాడి పొడవునా బంగారు రంగు పొట్టు. నేను చేయగలను. ఇప్పుడు చేయగలను.

దానికి తోడు అవతల, కెమెరాలో ఫిల్ము మ్యాగజైన్ మార్చాలి, పది నిమిషాలు అందరూ అక్కడే ఉండండి, అని కేక. లేచాను. సందు కొసన నల్ల తెర ఉంది, కెమెరా తిరిగేటప్పుడు ఎత్తితే వెలుగు పడుతుందని ఎత్తనివ్వరు, ఇప్పుడు ఎత్తొచ్చు. ఎత్తి బయటపడితే ఎడమ పక్క నా సైకిలు. చెక్‌పోస్టు దాకా దిగుడే, తొక్కక్కర్లేదు, తర్వాత గుట్ట ఎక్కాలి, పదకొండూ యాభై ఐదుకు అక్కడ ఉంటాను. చలపతిరావు తిడతాడు, రేపటి నుంచి రావద్దంటాడు, అననీ, నాకు పద్నాలుగు తలుపులున్నాయి. రూటర్‌ను సంచిలో పెట్టాను. తెర మీద చెయ్యి వేశాను. వెనక తలుపు మీద మళ్లీ వేళ్లతో తట్టిన చప్పుడు.

"ఉన్నారా అండీ?"

పలకలేదు. పలకకపోతే లేడనుకుంటుంది, పోనీ.

"ఉంటే కొంచెం గట్టిగా పట్టుకోండి. ఇదే చివరిదన్నారు. ఇది కూడా కాకపోతే మధ్యాహ్నానికి వేరే అమ్మాయిని రప్పిస్తారట. ఇందాక మీరు లేనప్పుడు తలుపు ఊగిందండీ, ఊగితే నాకు నవ్వొచ్చేసింది, ఎటూ పోలేని గది అని ఎలా అనుకోను? మీరుంటే నిజంగానే తెరుచుకోదనిపిస్తుంది. భయమేస్తుంది. అప్పుడు ఏడుపొస్తుందండీ."

తెర మీద నా చెయ్యి అలాగే ఉంది. ఎవరీ పిల్ల నాకు. ఏ ఊరిదో, ఏ బస్సు దిగి వచ్చిందో, మధురానగర్‌లో ఏ గదిలో నలుగురితో ఉంటోందో. ఆమె సినిమా నిలబడితే నాకేంటి, పోతే నాకేంటి. రాజ్యలక్ష్మి గారి టేకు చల్లగా నూనె తగిలినట్టు ఉంటుంది. కౌసల్య ఇస్త్రీ చేసిన చొక్కా ఉంది ఒంటి మీద. ఈ పిల్ల కోసం ఆగుతున్నానా, ఆ టేకు చెక్క ముందు నిలబడటానికి భయపడి ఆగుతున్నానా, నన్ను నేను అడిగాను. పళ్లెం బాగుంది. కళ్లకు కనిపిస్తుంది. చేతికి కనిపిస్తుందో లేదో నాకు తెలియదు. మెషీన్ ఎత్తి అక్కడ ఆన్ చేసే దాకా నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం నాకు వచ్చిన పని ఉంది. గోడ కదలకుండా పట్టుకోవడం నాకు వచ్చు, ఈ ఫ్లోరులో నా అంత బాగా ఎవడికీ రాదు. ఈ మాట అనుకుంటే గర్వంగా లేదు. తెర మీంచి చెయ్యి తీశాను.

"ఉన్ననమ్మా," అన్నాను. "నేనేడికీ పోలే. నువ్వు కొట్టు."

కూర్చున్నాను. మడమలు ఇటుకకు తన్నిపెట్టాను, ఇందాకటి గుంటలోనే సరిగ్గా పడ్డాయి. మ్యాగజైన్ పది నిమిషాలు అన్నవాళ్లు పద్దెనిమిది నిమిషాలు తీసుకున్నారు. ఆ పద్దెనిమిది నిమిషాల మొదట్లో ఎప్పుడైనా లేచి పోయి ఉండొచ్చు, గుట్ట కింద నుంచి సైకిలు తోసుకుంటూ పరుగెత్తినా అందేది. ప్రతి నిమిషానికీ గడియారం చూశాను, ప్రతి నిమిషానికీ, ఇంకా పోవచ్చు, అనుకున్నాను. తర్వాత, ఇంక పోలేను, అనుకున్నాను, అప్పుడు కాస్త ఊపిరాడింది. ఆ ఊపిరాడినందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను. బెల్లు మోగింది. అవతల చీమ చిటుక్కుమనలేదు. పరుగు, దెబ్బ. బాబాయ్. ఈసారి ఆమె పిడికిళ్లతో కాదు, మోచేతులతో, భుజంతో, తలతో కొడుతోంది. నా వెన్ను మీద మొత్తం మనిషి వచ్చి పడుతోంది. నేను బిగించాను. ఆమె ఎంత తోస్తే నేను అంత తోశాను. తియ్యి బాబాయ్, నేనేం చేశాను బాబాయ్, అని మొదలుపెట్టిన మాట మధ్యలో విరిగిపోయింది, స్క్రిప్టులో లేని ఏడుపు, పసిపిల్లలు వెక్కినట్టు, ఆగి ఆగి. ఇప్పుడు ఆ గుట్ట మీద ఇంట్లో కొబ్బరికాయ కొట్టి ఉంటారు. మోతీనగర్ మేస్త్రీ చొక్కా చేతులు మడిచి ఉలి పట్టుకుని ఉంటాడు, ఆయనకు మెషీన్ కూడా అక్కర్లేదు. మొదటి పొట్టు లేచి ఉంటుంది. ఇక్కడ ఆ పిల్ల జారి కింద కూర్చుంది, తలుపు అడుగున ఆమె తల ఆనింది, నా నడుము దగ్గర. పళ్లు బిగబట్టాను. ఏడుపొచ్చింది నాకు. ఏడిచాను, చప్పుడు కాకుండా.

కట్, ఓకే, అన్నాడు దర్శకుడు. ఫ్లోరంతా చప్పట్లు. ఎవరో మంజులతా మంజులతా అంటున్నారు, ఎవరో నీళ్లు తెస్తున్నారు, ఆమె తలుపు దగ్గర నుంచి లేచి వెళ్లిపోయింది, పలక తేలికైపోయింది. తెర ఎత్తి చలపతిరావు తల పెట్టాడు. మొహమంతా నవ్వు. "అదరగొట్టింది రామలింగం, చూడాల్సింది నువ్వు. గోడ కొండలా ఉంది. ఎక్కడికో వెళ్లాలన్నావుగా పొద్దున్నే, వెళ్లిరా మరి," అన్నాడు.

గడియారం చూశాను. పన్నెండూ పదకొండు. లేవబోతే కాళ్లు లేవలేదు, తిమ్మిరి ఎక్కాయి. ఆయన చెయ్యి ఇచ్చాడు, పట్టుకుని లేచి చొక్కా వీపు దులుపుకున్నాను.

"పోయేది ఏం లేదు సార్," అన్నాను. "తర్వాత ఏ గోడ?"